జంటగా జపాన్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

మేమిద్దరం జపాన్ వెళ్లి వచ్చినప్పటి నుంచి బంధువులు, సహోద్యోగులు, వారి పరిచయస్తులు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. ఒకరికి ఫోనులో చెప్పిన జవాబునే మర్నాడు మరొకరికి చెప్పవలసి వస్తుండటంతో, ప్రయాణంలోని దశల ప్రకారం వాటిని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ధరలు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టే ముందు ఒకసారి సరిచూసుకోండి.

## బయలుదేరక ముందు

చెర్రీ పూల కాలంలోనే వెళ్లాలా? వేరే నెలల్లో వెళ్తే ఏం కోల్పోతాం?

టోక్యో, క్యోటోలలో సకురా సాధారణంగా మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు విరగబూస్తుంది. చెట్టు నిండుగా కనిపించేది వారం రోజులే. నడుమ ఒక గట్టి వాన కురిస్తే ఆ వారమూ దక్కదు. నెలల ముందే విమానం టికెట్లు కొనుక్కునే మనకు ఆ వారం సరిగ్గా దొరకడం అదృష్టం మీద ఆధారపడిన సంగతి. నన్ను అడిగితే నవంబరు రెండో సగమే మేలంటాను. అప్పుడు క్యోటో ఆలయాల తోటల్లో మేపుల్ ఆకులు ఎర్రబారతాయి, ఆ రంగు రెండు మూడు వారాలు నిలుస్తుంది, ఎండ హాయిగా ఉంటుంది. జూన్ నుంచి జులై నడిమి దాకా వానలు, ఆగస్టులో మన కోస్తాను తలపించే ఉక్కపోత, సెప్టెంబరులో తుపాన్ల భయం ఉంటాయి. ఏప్రిల్ చివర మొదలై మే 5 వరకు సాగే గోల్డెన్ వీక్ సెలవుల్లోనూ, పితరులను తలచుకునే ఒబోన్ పండుగ జరిగే ఆగస్టు నడిమి వారంలోనూ దేశమంతా ప్రయాణంలో ఉంటుంది కనుక ఆ రోజులను వదిలేయండి.

వీసా ఎలా తీసుకోవాలి? స్టాంపు వేస్తారా, ఫోనులోనే ఉంటుందా?

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వీసా తప్పనిసరి. 2024 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఉంటున్న పర్యాటకులకు ఈ-వీసా ఇస్తున్నారు. దరఖాస్తును వీఎఫ్ఎస్ కేంద్రాల ద్వారా సమర్పించాలి. రోజువారీ ప్రయాణ ప్రణాళిక, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను పత్రాలు సిద్ధం చేసుకోండి. ఒక్క విషయం చాలామంది గమనించరు. ఈ-వీసాను విమానాశ్రయంలో ఇంటర్నెట్ ఉన్న ఫోనులో అప్పటికప్పుడు తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాటు గానీ ప్రింటు గానీ చెల్లదు. అందువల్ల ఇద్దరి ఫోన్లలోనూ డేటా పనిచేస్తున్నదో లేదో ముందే చూసుకోవడం మంచిది.

పది రోజుల్లో ఎన్ని ఊళ్లు చూడగలం? మా ఏజెంటు ఎనిమిది ఊళ్ల ప్యాకేజీ ఇస్తున్నాడు.

నాలుగు ఊళ్లకు మించవద్దని నా గట్టి సలహా. టోక్యోలో నాలుగు రాత్రులు, క్యోటోలో నాలుగు, హిరోషిమాలో ఒకటి, ఒసాకాలో ఒకటి అనుకుంటే పది రాత్రులు పూర్తవుతాయి. కమకురా లేదా నిక్కోను టోక్యో నుంచి, నారాను క్యోటో నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి చూసి రావచ్చు. రోజుకొక హోటల్ మారితే ప్రతి ఉదయం సామాను సర్దడానికే పోతుంది. జపాన్‌లోని ఆలయాలు, తోటలు తమ అందం చూపించేది ఆ ఉదయం వేళల్లోనే. పైగా రోజుకు పదిహేను, ఇరవై వేల అడుగులు నడక తప్పదు. ఇద్దరిలో ఒకరి కాళ్లు పట్టేస్తే రెండోవారి రోజు కూడా పాడవుతుంది. రెండు మూడు రోజులకొకసారి ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా ఉంచుకోండి.

విమానం విషయంలో టోక్యోలో దిగి ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరిగి వచ్చేలా టికెట్టు తీసుకుంటే వెనక్కి ప్రయాణించే ఖర్చు, సమయం రెండూ మిగులుతాయి.

నిర్ణీత రోజులపాటు జేఆర్ రైళ్లలో ఎన్నిసార్లయినా తిరగనిచ్చే జేఆర్ పాస్ కొనాలా?

పైన అనుకున్నట్టు టోక్యో, క్యోటో, హిరోషిమా, ఒసాకాలకే వెళ్తే అక్కర్లేదు. వారం రోజుల పాస్ ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. విడి టికెట్లు తీసుకుంటే టోక్యో నుంచి క్యోటోకు సుమారు 14,000, అక్కడి నుంచి హిరోషిమాకు 11,500, తిరిగి ఒసాకాకు 10,500 యెన్లు అవుతాయి. అన్నీ కలిపినా పాస్ ధరకు చాలా తక్కువ. పైగా అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజొమి రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నవారు అదనంగా చెల్లించాలి. ధర పెరగక ముందు వెళ్లివచ్చినవారు తప్పకుండా కొనమని చెబుతారు, కానీ వారి లెక్క ఇప్పుడు సరిపోదు.

మందులు, పచ్చళ్లు, పొడులు తీసుకెళ్లవచ్చా?

కందిపొడి, కరివేపాకు పొడి, గట్టిగా మూత బిగించిన ఆవకాయ మేము తీసుకెళ్లాము. చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం పెట్టుకోవద్దు. మన దేశం నుంచి మాంసంతో చేసిన ఏ పదార్థాన్నీ జపాన్‌లోకి అనుమతించరు. పచ్చి కరివేపాకు, పళ్లు కూడా వద్దు. మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన దగ్గర జలుబుకు మామూలుగా వాడే కొన్ని మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ పది శాతం మించితే అక్కడ నిషిద్ధం. బీపీ, షుగరు వంటి వాటికి వాడే మందులను నెలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా ఉంచుకోండి.

## దిగిన తర్వాత, టోక్యోలో

నగదు ఎంత ఉంచుకోవాలి? కార్డు అన్నిచోట్లా చెల్లుతుందా?

హోటళ్లు, పెద్ద దుకాణాలు, కన్వీనియన్స్ స్టోర్లలో కార్డు చెల్లుతుంది. ఆలయాల ప్రవేశ రుసుము, చిన్న నూడుల్స్ దుకాణాలు, గుడి దగ్గరి మిఠాయి కొట్లు వంటివాటికి నగదు కావాలి. సెవెన్ ఎలెవన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. అత్యధిక విలువ గల నాణెం 500 యెన్లు కనుక చిల్లర ఊరికే పోగవుతుంది; నాణేలకు విడిగా ఒక చిన్న సంచి ఉంచుకోండి. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు. బల్ల మీద డబ్బు వదిలి వస్తే మరచిపోయారనుకుని వెంటబడి తెచ్చి ఇస్తారు.

టోక్యో మెట్రో మ్యాపు చూస్తేనే కళ్లు తిరుగుతున్నాయి. ఎలా తిరగాలి?

ముందే డబ్బు వేసుకుని గేటు దగ్గర తాకించే సుయికా లేదా పాస్మో కార్డు ఇద్దరికీ చెరొకటి తీసుకోండి. ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు. మ్యాపును చదివే ప్రయత్నం మాని, ఫోను చెప్పిన రైలు పేరు, ప్లాట్‌ఫాం సంఖ్య, ముఖ్యంగా స్టేషన్ నుంచి బయటకు వెళ్లే ద్వారం సంఖ్య చూసుకోండి. షింజుకు వంటి స్టేషన్‌లో తప్పు ద్వారంలో బయటపడితే పావుగంట తిరుగుడే. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఉద్యోగుల రద్దీ ఉంటుంది. ఆ వేళల్లో చాలా మార్గాల్లో ఒక పెట్టె ఆడవారికి మాత్రమే కేటాయిస్తారు. మా మొదటి ఉదయం ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గీతల వెనుక ఇద్దరం కలిసి నిలబడ్డాం. వరుసలో ఉన్న ఒక పెద్దావిడ మావారికి ఆ రంగును మర్యాదగా చేత్తో చూపించి, పక్క పెట్టె వైపు సైగ చేసింది. నేల మీది రంగు గమనించి ఇద్దరూ ఎక్కగల పెట్టె దగ్గర నిలబడండి. చివరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో వెళ్లిపోతుంది; ఆ తర్వాత టాక్సీ ఖర్చు భారీగా ఉంటుంది.

టోక్యోలో ఆకాశ హర్మ్యాలు తప్ప సంస్కృతి అంటూ కనిపిస్తుందా?

తప్పకుండా కనిపిస్తుంది. అసాకుసాలోని సెన్సోజి టోక్యోలో అతి పురాతనమైన ఆలయం. 628లో ఇద్దరు జాలరి అన్నదమ్ముల వలలో కన్నోన్ విగ్రహం పడిందన్నది దాని స్థల పురాణం. కన్నోన్ అంటే మన బౌద్ధంలోని కరుణామూర్తి అవలోకితేశ్వరుడే. 1945 వైమానిక దాడుల్లో ప్రధాన మందిరం కాలిపోగా 1958లో తిరిగి కట్టారు. పగటి పూట ముందరి నకమిసే వీధిలో అడుగు పెట్టే సందు ఉండదు. రాత్రి ఎనిమిది దాటాక వెళ్తే కొట్లు మూసి, దీపాల వెలుగులో ఎర్రని మందిరం ప్రశాంతంగా ఉంటుంది. మెయిజీ మందిరం చుట్టూ ఉన్న దట్టమైన అడవి సహజమైనది కాదు. 1920లో మందిరం వెలిసినప్పుడు దేశం నలుమూలల నుంచి దానంగా వచ్చిన సుమారు లక్ష చెట్లను నాటి పెంచినది. హరాజుకు స్టేషన్ హడావిడి నుంచి రెండు నిమిషాలు నడిస్తే కాళ్ల కింద గులకరాళ్ల చప్పుడు తప్ప ఏదీ వినిపించదు. ఊరంతా పై నుంచి చూడాలంటే డబ్బు పెట్టనక్కర్లేదు: షింజుకులోని మెట్రోపాలిటన్ ప్రభుత్వ భవనంలో 202 మీటర్ల ఎత్తున ఉన్న వేదికకు ప్రవేశం ఉచితం.

కమకురా, నిక్కోలలో ఒక్కటే కుదిరితే ఏది?

ఆరుబయట కూర్చున్న 11 మీటర్లకు పైబడిన కంచు బుద్ధుడు, పక్కనే సముద్రం, తక్కువ ప్రయాణం కావాలంటే కమకురా. దేవదారుల్ని తలపించే ఎత్తైన చెట్ల నడుమ బంగారు పూత చెక్కడాలు, చెవులు, నోరు, కళ్లు మూసుకున్న మూడు కోతుల అసలు శిల్పం చూడాలంటే నిక్కో. తొలిసారి వెళ్లేవారికి కమకురా తేలిక.

## ఊరి నుంచి ఊరికి

పెద్ద సూట్‌కేసులతో బుల్లెట్ రైలు ఎక్కవచ్చా?

పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు, వెనుక సామాను స్థలం ఉన్న సీటును ముందే రిజర్వు చేసుకోవాలి. అంతకన్నా మంచి దారి, పెట్టెలను హోటల్ కౌంటర్‌లో ఇచ్చి తక్యుబిన్ సేవ ద్వారా తర్వాతి ఊరి హోటల్‌కు పంపించడం. ఒక్కో పెట్టెకు సుమారు రెండు మూడు వేల యెన్లు అవుతుంది, టోక్యోలో ఇచ్చినది మామూలుగా మర్నాటికి క్యోటో చేరుతుంది. ఒక రాత్రికి కావలసిన బట్టలు భుజాన వేసుకుని ప్రయాణించడంలోని సుఖం ఒకసారి అనుభవించాక మేము మళ్లీ పెట్టెలు మోయలేదు.

రైల్లోంచి ఫుజి పర్వతం కనిపించాలంటే ఎటు కూర్చోవాలి?

టోక్యో నుంచి క్యోటో వెళ్లేటప్పుడు కుడి వైపున, సాధారణ తరగతిలో డి, ఈ సీట్లు తీసుకోండి. ఒక వైపు మూడేసి సీట్లు, కొండ వైపు రెండేసి ఉంటాయి కనుక జంటకు ఇవి సరిగ్గా సరిపోతాయి. బయలుదేరిన నలభై, నలభై అయిదు నిమిషాలకు షిన్-ఫుజి స్టేషన్ ప్రాంతంలో 3,776 మీటర్ల ఆ శిఖరం వరిమళ్లు, ఫ్యాక్టరీ గొట్టాల వెనుక నుంచి నిండుగా లేస్తుంది. కనిపించేది కొద్ది నిమిషాలే. చలికాలం ఉదయాల్లో స్పష్టంగా ఉంటుంది, వేసవిలో ఎక్కువగా మబ్బుల్లోనే ఉంటుంది.

## క్యోటో, నారా

క్యోటో నిండా జనమే అంటున్నారు. ప్రశాంతంగా చూడటం సాధ్యమేనా?

పొద్దున్నే లేవగలిగితే సాధ్యమే. ఫుషిమి ఇనారి మందిరానికి తలుపులు లేవు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. మేము ఉదయం ఆరు గంటలకు చేరాము. ఎర్రని ద్వార తోరణాల వరుసలో మొదటి మలుపు దాటాక మా ఇద్దరి అడుగుల చప్పుడే వినిపించింది. ఒక్కో తోరణమూ ఒక వ్యాపారి గానీ సంస్థ గానీ మొక్కు చెల్లించి నిలబెట్టినది. పైకి ఎక్కేటప్పుడు ఒట్టి ఎరుపే కనిపిస్తుంది. దిగేటప్పుడు స్తంభాల వెనుక వైపున దాతల పేర్లు, తేదీలు నల్లని అక్షరాల్లో బయటపడతాయి. ఇనారి వరి పంట దేవత, నక్కలు ఆమె దూతలు. కొన్ని నక్కల నోట ఉండే తాళంచెవి ధాన్యాగారానిది. కొండ ఎత్తు 233 మీటర్లే అయినా చుట్టి రావడానికి రెండు గంటలు పెట్టుకోండి.

కియోమిజుదెరా ఆలయాన్ని కూడా ఆరింటికే తెరుస్తారు. 1633లో కట్టిన చెక్క వేదిక లోయ మీదికి 13 మీటర్ల ఎత్తున నిలిచి ఉంటుంది. ఈ రెండింటినీ వేర్వేరు ఉదయాల్లో చూసి, తొమ్మిదింటికి టిఫిను చేసుకునేలా రోజును అమర్చుకోండి.

బంగారు మందిరం అసలైనది కాదట కదా, వెళ్లడం అవసరమా?

కింకాకుజిని 1950లో ఒక యువ సన్యాసి తగలబెట్టాడు. ఇప్పుడున్నది 1955లో తిరిగి నిర్మించినది. అయినా కొలనులో దాని నీడ పడే దృశ్యం కోసం వెళ్లవలసిందే. దానికి దగ్గరలోనే ఉన్న ర్యోఆన్‌జి ఆలయంలోని రాళ్ల తోటను మాత్రం వదలవద్దు. దువ్విన తెల్లని కంకర మీద పదిహేను రాళ్లు ఉంటాయి, అరుగు మీద ఎక్కడ కూర్చున్నా పద్నాలుగే కనిపిస్తాయి. మేము ఆ అరుగుకు చెరో కొసన కూర్చుని లెక్క పెట్టాము. ఒకరికి కనిపించిన రాయి మరొకరికి కనిపించలేదని పక్కవారు చెప్పుకుంటుంటే విన్నాము, మా ఇద్దరికీ అదే జరిగింది.

అక్కడి గుళ్లలో మన దేవుళ్లు ఉంటారంటారు, నిజమేనా?

నిజమే, తెలిసి చూస్తే అడుగడుగునా పలకరిస్తారు. వీణకు బదులు బివా అనే వాద్యం పట్టుకున్న బెంజైతెన్ మన సరస్వతి. తైషకుతెన్ ఇంద్రుడు, బోంతెన్ బ్రహ్మ, బిషమోంతెన్ కుబేరుడు, కంగితెన్ వినాయకుడు. వీరిలో పలువురిని ఒక్కచోట చూడాలంటే క్యోటోలోని సంజుసంగెన్‌దోకు వెళ్లండి. 1266లో తిరిగి కట్టిన, సుమారు 120 మీటర్ల పొడవున్న ఆ మందిరంలో 1,001 సహస్రభుజ కన్నోన్ విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. వాటి ముందు నిలిచిన ఇరవై ఎనిమిది మంది పరివార దేవతల్లో పక్షి ముక్కుతో వేణువు ఊదుతున్న కరురా మన గరుత్మంతుడు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అందుకే అక్కడ జనం నిజంగా చూస్తారు.

మన నేలతో ముడిపడిన మరో పేరు కూడా వినిపిస్తుంది. నాగార్జునకొండకు తన పేరు నిలిపిన ఆచార్య నాగార్జునుడిని జపాన్ బౌద్ధులు ర్యూజు అంటారు. నాగానికి ర్యూ, అర్జున వృక్షానికి, అంటే మన మద్దిచెట్టుకు, జు. క్యోటో స్టేషన్ దగ్గరి రెండు హోంగాన్‌జి ఆలయాల సంప్రదాయం కొలిచే ఏడుగురు ఆచార్యుల్లో ఆయనే మొదటివారు. ఇతర బౌద్ధాలయాల పక్కనున్న శ్మశానాల్లో సమాధుల వెనుక నిలబెట్టిన సన్నని చెక్క పలకలను దగ్గరగా చూడండి. పై నుంచి కిందికి ఖ, హ, ర, వ, అ అనే అయిదు బీజాక్షరాలు సిద్ధం అనే భారతీయ లిపిలో ఉంటాయి. అవి ఆకాశం, వాయువు, అగ్ని, జలం, భూమి. ఊరు కాని ఊళ్లో ఆ పంచభూతాల ముందు చాలాసేపు నిలబడిపోయాను.

గుడిలో దండం ఎలా పెట్టాలి? చప్పట్లు కొట్టాలా?

తోరణం ఉన్నది జపాన్ సొంత మతమైన షింతో మందిరం. అక్కడ ముందు చేతులు, నోరు కడుక్కుని, నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మరోసారి వంగుతారు. బౌద్ధాలయంలో చప్పట్లు ఉండవు, చేతులు జోడిస్తే చాలు. అయిదు యెన్ల నాణెం వేయడం ఆనవాయితీ: దాని పేరు గోఎన్, ఆ మాటకే మనం ఋణానుబంధం అనే దానికి దగ్గరి అర్థమూ ఉంది.

కిమోనో అద్దెకు తీసుకుని ఫొటోలు దిగవచ్చా? వాళ్లు తప్పుగా అనుకోరా?

అనుకోరు, సంతోషిస్తారు. దుకాణంవారే కట్టి పంపుతారు. ఎడమ అంచు కుడి అంచు మీదికి రావాలి, దానికి విరుద్ధంగా కట్టేది మృతులకు మాత్రమే. గియోన్ ప్రాంతంలో ప్రవేశం నిషేధించిన సొంత సందులు ఉన్నాయి. బోర్డుల మీద 10,000 యెన్ల జరిమానా అని రాసి ఉంటుంది. పనికి వెళ్తున్న మైకోలను, అంటే గెయిషా విద్య నేర్చుకుంటున్న యువతులను, ఆపి, వెంటబడి ఫొటోలు తీయడం వారిని బాధపెడుతుంది, దయచేసి చేయవద్దు.

నారాలో జింకలు తప్ప ఏముంది?

తోదాయిజి ఆలయం ఉంది. 752లో అక్కడి మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కుంచెతో కళ్లు దిద్దడం, చేసినది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆయన కుంచెకు కట్టిన పొడవాటి దారాలను అక్కడ చేరినవారు పట్టుకుని ఆ పుణ్యంలో పాలుపంచుకున్నారు. సుమారు 15 మీటర్ల ఆ విగ్రహాన్ని నిప్పు, భూకంపాలు దెబ్బతీసిన ప్రతిసారీ బాగుచేశారు. ఇప్పటి మందిరం 1709 నాటిది. జింకలు కసుగా మందిరం దేవుడి దూతలని నమ్మకం. అక్కడ అమ్మే బిస్కట్లు తప్ప మరేమీ పెట్టవద్దు, అవి అయిపోగానే ఖాళీ అరచేతులు చూపించండి, టికెట్టు కాగితాలు లోపల దాచుకోండి.

## హిరోషిమా, మియజిమా

సెలవుల యాత్రలో హిరోషిమా మ్యూజియం మనసు పాడు చేయదా?

బరువెక్కిస్తుంది. అయినా వెళ్లాలనే చెబుతాను. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు ఆగిపోయిన చేతి గడియారం, మూడేళ్ల పిల్లవాడి తుప్పు పట్టిన మూడు చక్రాల సైకిలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ వెళ్లేటప్పుడు ఆ గదుల్లో ఎవరూ మాట్లాడరు. రెండు గంటలు కేటాయించి, ఉదయమే వెళ్లండి. బయట నది ఒడ్డున ఉన్న శిథిల గోపుర భవనం, రంగు కాగితపు కొంగలు వేలాడే బాలల స్మారకం చూశాక, వెంటనే మరో చోటికి పరుగెత్తకుండా కాసేపు నది గట్టున కూర్చోండి.

మధ్యాహ్నం రైలులో అరగంట, పడవలో పది నిమిషాలు ప్రయాణిస్తే మియజిమా. ఇత్సుకుషిమా మందిరం ముందు సముద్రంలో నిలిచిన 16 మీటర్ల పైబడిన తోరణం 1875 నాటిది. భూమిలో పాతలేదు, తన బరువుతోనే నిలబడింది. పోటులో నీటి మీద తేలినట్టుంటుంది, పాటులో దాని దాకా నడిచి వెళ్లవచ్చు. ఆ రోజు పోటుపాట్ల వేళలు చూసుకుని బయలుదేరండి.

## తిండి, బస

మేము పూర్తి శాకాహారులం. పస్తులుండాల్సి వస్తుందా?

పస్తులుండరు, కానీ ముందుచూపు కావాలి. కూరగాయల వంటకంలా కనిపించేవాటిలో కూడా దషి ఉంటుంది. ఇది చాలా వరకు ఎండబెట్టిన చేప నుంచి తీసిన రసం. మిసో సూపు, నూడుల్స్ పులుసు, కొన్ని పచ్చళ్లు అన్నిటికీ అదే ఆధారం. మాంసం వద్దంటే సరిపోదు, చేప, దషి కూడా వద్దని జపనీసులో రాయించిన కాగితం చూపించాలి. హోటల్ సిబ్బంది రాసిపెడతారు. బౌద్ధ సన్యాసుల వంట అయిన షోజిన్ ర్యోరి మనకు నిశ్చింత: మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు, రసం కూడా సముద్రపు నాచు, పుట్టగొడుగులతో తీస్తారు. క్యోటోలో తెన్ర్యూజి ఆలయ ప్రాంగణంలోనే ఈ భోజనం దొరుకుతుంది. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో మన భోజనశాలలు ఉన్నాయి.

రాత్రి అలసిపోయి వచ్చినప్పుడు మమ్మల్ని ఆదుకున్నది కన్వీనియన్స్ స్టోరు. మైక్రోవేవులో రెండు నిమిషాలు పెడితే తయారయ్యే అన్నం ప్యాకెట్టు, ముతో అని అడిగితే ఇచ్చే చక్కెర లేని పెరుగు, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. వారి అన్నం కాస్త జిగురుగా ఉంటుంది కనుక పెరుగన్నానికి భలే కుదురుతుంది.

మాంసం తింటాం గానీ గొడ్డుమాంసం తినం. ఎలా కనుక్కోవాలి?

గ్యూ అన్నది గొడ్డుమాంసం, బుటా పంది, తోరి కోడి. ఈ మూడు మాటలు నేర్చుకోండి. జపాన్ కర్రీ ముద్దల్లో ముక్కలు లేకపోయినా జంతువుల కొవ్వు కలిపి ఉండవచ్చు కనుక అడగకుండా తినవద్దు.

వేడినీటి బుగ్గల్లో బట్టలు లేకుండా స్నానం చేయాలట. మాకు సంకోచంగా ఉంది.

సంకోచించేవారికి మార్గం ఉంది. సాధారణ ఓన్‌సెన్‌లో ఆడవారికి, మగవారికి వేర్వేరు చోట్లు ఉంటాయి, ఈత దుస్తులు అనుమతించరు. జపాన్ సంప్రదాయ సత్రాలైన ర్యోకాన్లలో చాలా చోట్ల గంట చొప్పున కేటాయించే కాషికిరి లేదా కుటుంబ స్నానాల గది ఉంటుంది. తలుపు వేసుకుని భార్యాభర్తలు కలిసి స్నానం చేయవచ్చు. ఏ పద్ధతిలోనైనా ముందు బయట పీట మీద కూర్చుని ఒళ్లు శుభ్రంగా రుద్దుకున్నాకే తొట్టిలో దిగాలి.

## తిరిగి వచ్చే ముందు

భూకంపం వస్తే ఏం చేయాలి?

ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగుతాయి. కంగారుగా బయటకు పరుగెత్తక, బల్ల కింద తల కాపాడుకుని, కదలిక ఆగాక సిబ్బంది చెప్పినట్టు చేయండి. అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119, పోలీసులకు 110.

జ్ఞాపకంగా ఏం తెచ్చుకోవాలి? గుళ్లలో ఇచ్చే ముద్రల పుస్తకం ఇద్దరికీ ఒకటి చాలా?

గోషుయిన్ పుస్తకం కన్నా మంచి జ్ఞాపకం నాకు కనిపించలేదు. మడతల కాగితం పుస్తకాన్ని ఏదైనా పెద్ద ఆలయంలో కొనుక్కుని, దర్శనం అయ్యాక కౌంటరులో ఇస్తే, మామూలుగా 300 నుంచి 500 యెన్లు తీసుకుని ఎర్రని ముద్రలు వేసి, వాటి మీద కుంచెతో ఆలయం పేరు, తేదీ రాసి ఇస్తారు. భక్తిగా చేసే యాత్రకు ఎవరి పుస్తకం వారిదే అంటారు. మేము మాత్రం ఒకటే తీసుకున్నాము. సిరా తడి ఎదుటి పేజీకి అంటకుండా నడుమ ఒక పలుచని కాగితం పెట్టి మూస్తారు, ఆ కాగితాన్ని పారేయకండి. ఇంటికి వచ్చి తెరిచినప్పుడు తోదాయిజి పేజీ నుంచి సిరా వాసన ఇంకా వస్తూనే ఉంది.